బిషప్ వెళ్ళిపోయిన ఊళ్ళో మూడు రోజులు

మొదటి రోజు

ఒక స్టాపు ముందే బస్సు దిగిపోయాం. తప్పు నాదే. డ్రైవరు ఏదో అన్నాడు, నాకు "బెరిన్" అని వినబడింది. ముందురోజు రాత్రంతా బిరినస్ అనే బిషప్ గురించి చదువుతూ కూర్చున్నానేమో, ఇదే మనం దిగాల్సిన ఊరనుకుని మా ఆవిడని హడావుడిగా దింపేశాను. బస్సు వెళ్ళిపోయాక చూస్తే చర్చీ లేదు, నదీ లేదు. అన్నీ ఒకే మూసలో పోసినట్టున్న ఇళ్ళు. ఆ ఊరి పేరు బెరిన్స్‌ఫీల్డ్. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ విమానాలు దిగేవట. యుద్ధం అయ్యాక ఆ నేలమీద ఊరు కట్టి, పొరుగూరి పాత బిషప్ పేరు పెట్టుకున్నారు. నా చెవులు పూర్తిగా తప్పు వినలేదన్నమాట. మేం వెళ్ళాల్సిన డోర్చెస్టర్‌కి ఇంకా అరగంట నడక.

"అమ్మాయికి ఫోన్ చెయ్యనా?" అంది మా ఆవిడ.

"వద్దులే, నవ్వుతుంది."

అమ్మాయి ఆక్స్‌ఫర్డ్‌లో ఉద్యోగం చేస్తోంది. మేం రాజమండ్రి నుంచి నెల రోజులు ఉందామని వచ్చాం. మొదటి వారం కాలేజీలన్నీ తిప్పింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1936 నుంచి 1952 వరకు ప్రొఫెసర్‌గా ఉన్న ఊరు కదా, ఆయన ఫెలోగా ఉన్న ఆల్ సోల్స్ కాలేజీ గేటు ముందు ఫొటో దిగాం. తర్వాత మ్యూజియంలు. పదో రోజుకి పిల్లకి ఓపిక అయిపోయింది. "నాన్నా, నాకు ఆఫీసులో టెన్షన్‌గా ఉంది, మీరిద్దరూ ఏదైనా పల్లెటూరికి వెళ్ళి రండి" అని తనే రూము బుక్ చేసి పంపింది. మీరెవరైనా వెళ్ళేటట్టయితే ఒక జాగ్రత్త: ఇంగ్లండులో డోర్చెస్టర్‌లు రెండున్నాయి. డోర్సెట్‌లో ఉన్నది పెద్ద పట్నం. నేను చెబుతున్నది ఆక్స్‌ఫర్డ్‌కి దక్షిణాన పద్నాలుగు కిలోమీటర్ల లోపే ఉన్న, వెయ్యి మంది చిల్లర జనాభా గల థేమ్స్ ఒడ్డు ఊరు.

నడిచే దారిలో ఓ పక్కన నీళ్ళు మెరుస్తూ కనిపించాయి. చెరువులనుకున్నాం. కావు, కంకర గోతులు. ఈ మట్టి కింద ఐదు వేల ఏళ్ళకు పైబడిన జోడు కందకాలు ఉండేవి. కిలోమీటరుకు పైగా తిన్నగా తవ్వినవి, మధ్యలో నడవడానికి దారి వదిలినట్టు. పక్కనే గుండ్రటి కందకాల ఆవరణ ఒకటి. 1940లలో కంకర కోసం యంత్రాలు దిగుతుంటే, పురావస్తు శాఖ వాళ్ళు వాటికంటే ముందు పరుగెత్తి తవ్వి, కొలిచి రాసుకున్నారు. తర్వాత చాలా భాగం కంకరతో పాటే పోయింది. మూడు రోజుల్లో నాకు ఈ ఊరు అలవాటు చేసిన కథ ఇదే. ఇక్కడ ఏది అడిగినా "ఒకప్పుడు ఉండేది, వెళ్ళిపోయింది" అంటారు.

ఊళ్ళోకి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. ఒకటే పెద్ద వీధి, కొంచెం వంకరగా. కర్ర దూలాల ఇళ్ళు, ఇటుక ఇళ్ళు, మధ్య మధ్య గడ్డి కప్పినవి. మా గోదావరి జిల్లాల్లో తాటాకిల్లు తీసేసి డాబా వేసుకుంటే ఎదిగినట్టు లెక్క. ఇక్కడ తిరగబడింది. గడ్డి కప్పు వేయించాలంటే పనివాళ్ళు దొరకరు, దొరికినా ఖర్చు మామూలుగా ఉండదు. అంచేత పూరింట్లో ఉన్నవాడు డబ్బున్నవాడు.

ఒకప్పుడు లండన్ వైపు వెళ్ళే గుర్రపు బళ్ళు ఈ వీధిలోనే ఆగేవి. గుర్రాలను మార్చుకునే సత్రాలు ఇప్పుడు హోటళ్ళు. మా రూము గుమ్మం ఎత్తు చూసుకోకుండా దూరి నుదుటి మీద బొప్పి కట్టించుకున్నాను. పాత దూలానికి నురగ దిండు కట్టి ఉంది. అంటే నాకంటే ముందు చాలామందే ఉన్నారు. తర్వాత కార్లు, లారీలు కూడా ఈ వీధిలోంచే పోయేవి. 1982లో బైపాస్ రోడ్డు వేశాక అవీ వెళ్ళిపోయాయి. సాయంత్రం ఐదింటికి వీధి మధ్యలో నిలబడి ఫొటోలు తీసుకుంటే అడిగినవాడు లేడు.

చీకటి ఆలస్యంగా పడే మే నెల. నది చూద్దామని వంతెన దగ్గరికి వెళ్ళాం. 1815లో పూర్తయిన రాతి వంతెన, కింద పచ్చిక, ఆవులు, పచ్చికలోంచి మెలికలు తిరుగుతూ ఓ నీటిపాయ.

"దీన్నేనా నది అంటారు?" అంది మా ఆవిడ. "మన ఇంటి వెనకాల కాలువ ఇంతకంటే వెడల్పు."

ఇది థేమ్స్ కాదు, టేమ్ అని వేరే చిన్న నది, ఊరు దాటాక థేమ్స్‌లో కలుస్తుందని చెప్పాను. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు పైన పారే థేమ్స్‌ని ఐసిస్ అంటారు. టేమ్, ఐసిస్ కలిస్తే టేమిసిస్, అదే థేమ్స్ అయిందని పాత పండితుల ముచ్చట. భాషాశాస్త్రం ఒప్పుకోదు గానీ వినడానికి బాగుంది. మొత్తానికి ఇది సంగమం ఉన్న ఊరు.

రెండో రోజు

పొద్దున్నే చర్చికి. పేరు డోర్చెస్టర్ ఆబీ, అంటే ఒకప్పటి మఠం. గేటు దాటి సమాధుల మధ్యనుంచి నడుస్తుంటే దాని పొడవు చూసి ఆగిపోయాం. దాదాపు 200 అడుగులు. వెయ్యి మంది ఊరికి ఇంత చర్చి ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. సమాధానం లోపల ఉంది, కానీ వరసగా లేదు. ఒక్కో మూల ఒక్కో ముక్క.

మొదటి ముక్క బిరినస్. పోప్ హొనోరియస్ పంపగా ఇటలీ నుంచి వచ్చిన మిషనరీ. 635లో వెస్ట్ శాక్సన్‌ల రాజు కినెగిల్స్‌కి ఇక్కడే బాప్తిస్మం ఇచ్చాడని బీడ్ అనే సన్యాసి ఆ తర్వాతి శతాబ్దంలో రాసి పెట్టాడు. ఆ రోజు రాజుకి జ్ఞానపితగా, అంటే బాప్తిస్మంలో తండ్రి స్థానంలో, నిలబడ్డవాడు ఉత్తరాది రాజు ఆస్వాల్డ్. ఆయనే కినెగిల్స్ కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. అంటే మామకి అల్లుడు జ్ఞానపిత. ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ "పెళ్ళి సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చి ఉంటాడు, పన్లో పని" అంది. చరిత్రకారులు కూడా ఇంచుమించు అదే అంటారు, రాజకీయ పొత్తు అని కాస్త గౌరవంగా. రాజులిద్దరూ కలిసి బిరినస్‌కి ఈ ఊరు ఇచ్చారు. బిషప్ పీఠం ఏర్పడింది.

అయితే ఆ రాజుల వంశం బలం వించెస్టర్ వైపు జరిగింది. పీఠం కూడా అటే నడిచింది. బిరినస్ ఎముకలను సైతం అక్కడికి తరలించారు. మళ్ళీ తొమ్మిదో శతాబ్దంలో డెన్మార్క్ వైపు నుంచి దండెత్తి వచ్చిన డేనుల దెబ్బకి లెస్టర్ నుంచి పారిపోయి వచ్చిన పీఠం ఇక్కడ స్థిరపడింది. అప్పుడు దీని కింద ఉన్న మేర థేమ్స్ నుంచి హంబర్ నది దాకా, అంటే సగం ఇంగ్లండు అడ్డంగా. ఓ మూలనున్న ఈ ఊరికి బిషప్‌గా ఉన్నవాడు అంత దూరం ఎలా ఏలాడో గుర్రానికే తెలియాలి. ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చి దేశాన్ని గెలిచాక రెమీజియస్ అనే కొత్త బిషప్ చుట్టూ ఒకసారి చూసి, 1072 ప్రాంతంలో పీఠాన్ని లింకన్‌కి ఎత్తుకుపోయాడు. లింకన్‌లో కొండమీద మహా కెథడ్రల్ లేచింది. డోర్చెస్టర్‌కి ఉత్త పేరు మిగిలింది.

1140లో లింకన్ బిషప్ అలెగ్జాండర్ ఇక్కడ అగస్టీనియన్ అనే సన్యాసుల మఠం పెట్టించాడు. ఇప్పుడు నిలబడి ఉన్నది ఆ మఠం చర్చే. వాళ్ళకి యాత్రికులు కావాలి, యాత్రికులు రావాలంటే సాధువు కావాలి. 1220లలో మఠం వాళ్ళు ఒక మాట లేవదీశారు: వించెస్టర్ వాళ్ళు తీసుకెళ్ళింది వేరే ఎవరివో ఎముకలు, అసలు బిరినస్ ఇక్కడే ఉన్నాడు. వించెస్టర్ వాళ్ళు ఒప్పుకుంటారా? ఏ దేవుడి విగ్రహం అసలైందో అని రెండు ఊళ్ళ మధ్య నడిచే తగాదాలు మనకి కొత్త కాదు. గొడవ అలా ఉండగానే సమాధి మందిరం కట్టారు, యాత్రికులు వచ్చారు, ఆ డబ్బుతోనే చర్చి ఈ పొడవుకి పెరిగింది. ఆ మందిరాన్ని తర్వాత, ఇంగ్లండు చర్చి పోప్‌తో తెగతెంపులు చేసుకున్న మతసంస్కరణ కాలంలో పగలగొట్టారు. ఇప్పుడు కనిపించేది దొరికిన రాతి ముక్కలు కలుపుకుని 1964లో మళ్ళీ కట్టింది. పాత ముక్క ఏదో కొత్త రాయి ఏదో దగ్గరికి వెళ్తే తెలిసిపోతుంది. కప్పిపుచ్చలేదు, అది నాకు నచ్చింది.

నేను ఎక్కువసేపు నిలబడ్డది ఉత్తరం వైపు కిటికీ దగ్గర. దావీదు రాజు తండ్రి యెష్షయి. ఆ యెష్షయి మొద్దు నుంచి చిగురు, అంటే యేసు, పుడుతుందని బైబిల్లో యెషయా ప్రవచనం, మా వీధి చర్చిలో క్రిస్మస్‌కి మైకులో ఏటా వినేదే. ఆ మాటని 1340 ప్రాంతంలో ఎవరో శిల్పి రాతిలో అక్షరాలా చేసేశాడు. కిటికీ అడుగున యెష్షయి పడుకుని ఉన్నాడు. ఆయన ఒంట్లోంచి చెట్టు మొదలు లేచింది. ఆ మొదలే కిటికీ నడిమి స్తంభం. దాన్నుంచి కొమ్మలు అటూ ఇటూ పాముల్లా సాగి పక్క స్తంభాలను దాటుకుంటూ పైకి పోయాయి. కొమ్మలకు ఆకులు, కణుపు కణుపు దగ్గర మనుషులు: కొందరు రాతిలో చెక్కినవాళ్ళు, కొందరు మధ్య అద్దాల మీద రంగుల్లో. దావీదు వంశమంతా ఉంది. వంశవృక్షం అని మనం రోజూ అనే మాట నిజంగానే చెట్టై కిటికీలో మొలిస్తే ఇలా ఉంటుంది. చివర మరియమ్మ, బాలయేసు ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ. విగ్రహాలు పగలగొట్టిన రోజుల్లో ముఖ్యమైనవాళ్ళనే చూసి కొట్టారు. తాతముత్తాతలు మిగిలిపోయారు.

బాప్తిస్మపు తొట్టి ఇంకా పాతది, 1170 ప్రాంతంది. రాయి కాదు, సీసం. చుట్టూ కమానుల కింద పదకొండు మంది అపొస్తలులు, అంటే యేసు శిష్యులు, కూర్చుని ఉన్నారు. పన్నెండో వాడు యేసుని పట్టించిన ఇస్కరియోతు యూదా కాబట్టి లేడని చెబుతారు. వేలు ఆనిస్తే చల్లగా, సబ్బు మీద పెట్టినట్టు నునుపు. ముఖాలు అరిగి కళ్ళూ ముక్కూ కలిసిపోయాయి గానీ చీర కుచ్చిళ్ళలాంటి బట్టల మడతలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. ఎనిమిదో హెన్రీ 1530లలో మఠాలు మూయించినప్పుడు అన్నిటికంటే ముందు ఎత్తుకెళ్ళింది సీసమే. కప్పుల మీదది కరిగించి దిమ్మలు పోసి అమ్మేశారు. మఠాల చర్చిల్లోని సీసపు తొట్టెల్లో ఆ కాలం దాటి బతికి బట్టకట్టింది ఇదొక్కటే అంటారు.

ఎలా బతికింది? ఇక్కడే నాకు బాగా నచ్చిన మనిషి వస్తాడు. రాజూ కాదు, సాధువూ కాదు. రిచర్డ్ బోఫారెస్ట్ అని ఈ ఊరి డబ్బున్న ఆసామి. 1536లో మఠం మూతపడింది. ఊరివాళ్ళ ప్రార్థనకి చర్చిలో ఒక భాగమే ఉండేది, మిగతాదంతా సన్యాసులది. ఇప్పుడు రాజుగారి సొమ్ము. ఎవడు కొంటే వాడు రాళ్ళు పీకి పశువుల కొట్టం కట్టుకోవచ్చు. దేశమంతా అదే జరిగింది. బోఫారెస్ట్ 140 పౌన్లు పెట్టి ఆ తూర్పు భాగం కొన్నాడు. ఏమీ కూల్చలేదు. 1554లో వీలునామాలో దాన్ని ఊరి చర్చికి రాసేశాడు. 140 పౌన్లకి ఆ కిటికీ, ఆ తొట్టి, ఇంత పొడవు కప్పు. లింకన్ కెథడ్రల్‌కి బిషప్పులున్నారు, రాజులున్నారు. దీనికి ఆయనొక్కడు. ఊళ్ళో ఆయన విగ్రహం ఎక్కడైనా ఉందేమోనని వెతికాను, కనబడలేదు.

విగ్రహమంటే యోధుడిది ఉంది. 1280 ప్రాంతపు రాతి మనిషి, గొలుసు కవచంలో, వెల్లకిలా పడుకుని. మామూలుగా సమాధుల మీద చేతులు జోడించి శాంతంగా ఉంటారు. ఈయన కాళ్ళు మెలేసి, ఒళ్ళు ఓ పక్కకి తిప్పి, కత్తి ఒరలోంచి లాగుతున్నాడు. మరణశయ్య మీద కూడా లేచి కొట్టేటట్టున్నాడు. విలియం డి వాలెన్స్ అనే ఆ కాలపు యోధుడు అయి ఉంటాడని ఊహ. అవతల ఓ స్తంభం అడుగున సన్యాసులు కునుకు తీస్తున్న చిన్న చెక్కడం ఉంది. ఆ శిల్పికి మఠంలో ఏం జరుగుతుందో బాగా తెలుసు.

పాతబడి కూలేటట్టున్న తూర్పు భాగాన్ని 1840లలో బటర్‌ఫీల్డ్, ఆ తర్వాత గిల్బర్ట్ స్కాట్ బాగు చేశారు. వాటి సంగతి ఆర్కిటెక్టులు చూసుకుంటారు.

పక్కనున్న పాత అతిథిగృహంలో టీ దొరుకుతుంది. ఊరి ఆడవాళ్ళు ఇంట్లో చేసి తెచ్చిన కేకులు పెడతారు. ఒక పెద్దావిడ మా ఆవిడ చీర చూసి కొంగు అంచు వేళ్ళతో పట్టుకుని చూసి, నేతా ప్రింటా అని అడిగింది. ఉప్పాడ నేత అని నేను చెబుతుంటే మా ఆవిడే మధ్యలో అందుకుని సైగలతో మగ్గం ఎలా ఆడుతుందో చూపించేసింది. ఆ పెద్దావిడే మమ్మల్ని అడిగింది, "సారా రాయి చూశారా?" అని. చూడలేదు. మళ్ళీ లోపలికి వెళ్ళాం.

నేలలో పరిచిన సమాధి పలక. మామూలుగా పేరూ తేదీలూ ఉంటాయి. దీని మీద కథ ఉంది. చదివేవాడా, నీకు జాలిగుండె ఉంటే ఈ చోటు చూడు, అని మొదలవుతుంది. అందం, అమాయకత్వం ఉన్న ఒక యువతి ఇక్కడ ఉంది. లోకంలోని మోటు కుదుపులకి తట్టుకోలేనంత సన్నగా వడికిన నరాలు ఆమెవి. మితిమీరిన సున్నితత్వానికి బలైపోయింది, అంటుంది. సారా ఫ్లెచర్, కెప్టెన్ ఫ్లెచర్ భార్య, క్లిఫ్టన్ గ్రామంలో 1799 జూన్ 7న, 29వ ఏట. ఈ లోకం ఇవ్వని శాంతి పరలోకంలో దొరకాలని ముగింపు.

రాతి మీద రాయని సంగతి ఏమిటంటే ఆమె ఉరేసుకుంది. నౌకాదళంలో పనిచేసే మొగుడు, పెళ్ళాం బతికుండగానే డబ్బున్న ఇంకో అమ్మాయిని పెళ్ళాడబోయాడు. విషయం తెలిసి ఈమె వెళ్ళి ఆపిందని, ఇంటికొచ్చి ప్రాణం తీసుకుందని చెబుతారు. ఆ రోజుల్లో బుద్ధిపూర్వకంగా చేసుకున్న ఆత్మహత్యకి చర్చిలో చోటివ్వరు. పంచాయితీలో కూర్చున్నవాళ్ళు మతి చలించి చేసిందని తీర్పు చెప్పారు. అది దయే అనుకోవాలి. కానీ "సున్నితత్వం" అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. తప్పు మొగుడిది, జబ్బు పేరు ఆమెది.

మా ఆవిడ ఏమీ అనలేదు. చెప్పులు పలకకి తగలకుండా చుట్టూ తిరిగి వచ్చింది.

మూడో రోజు

రూము ఖాళీ చేసి, సాయంత్రం అమ్మాయి కారు తీసుకుని క్లిఫ్టన్ హ్యాంప్‌డెన్‌కి వస్తానంటే సామాను హోటల్లో వదిలి నడక మొదలుపెట్టాం. ఊరికి దక్షిణం చివర జనం కూరగాయలు వేసుకునే చిన్న చిన్న మళ్ళున్నాయి. వాటికింద రోమన్ పట్నం ఉంది. గోడ కట్టిన పట్నం. 1731లో ఇక్కడ ఓ బలిపీఠం దొరికింది, రోమన్ అధికారి మార్కస్ వారియస్ సెవెరస్ పెట్టించింది. పేరుతో సహా రాసుకున్నారు. తర్వాత ఆ రాయే కనబడకుండా పోయింది. ఈ ఊళ్ళో ఇంకేం కావాలి!

మళ్ళు దాటితే డైక్ హిల్స్. కొండలేం కాదు, జోడు గట్లు, మధ్య లోతైన కందకం. ఉత్తరాన తప్ప మిగతా వైపుల టేమ్, థేమ్స్ నదులే కాపలా కనుక ఆ ఒక్క వైపు గట్టు వేసుకుంటే చాలని ఇనుప యుగం వాళ్ళు లెక్క వేసుకున్నారు. రోమన్ల కంటే ముందటి ఊరు లోపల ఉండేది. 1870లో ఇక్కడి రైతు ఈ గట్లను చదును చేసి దున్నడం మొదలుపెట్టాడు. లేన్ ఫాక్స్ అనే సైనికాధికారి అది చూసి పేపర్లకెక్కించాడు, గోల అయింది. అలాంటి గోలల వల్లే జాన్ లబాక్ ఏళ్ళ తరబడి పార్లమెంటులో పోరాడి, 1882లో పాత కట్టడాల రక్షణ చట్టం తెచ్చాడు. చట్టం కింద మొదటి ఇన్‌స్పెక్టరు ఆ లేన్ ఫాక్సే. అప్పటికి ఆస్తి కలిసొచ్చి పిట్ రివర్స్ అని పేరు మార్చుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో మమ్మల్ని అమ్మాయి తిప్పిన మ్యూజియం ఆయన పేరుదే. రైతు దున్నిన చోట గట్టు కొంచెం కుంగి ఉంటుంది. దానిమీద గొర్రెలు మేస్తున్నాయి.

అక్కణ్ణుంచి పది నిమిషాల్లో థేమ్స్, డేస్ లాక్. లాకు అంటే మాకు చెప్పాలా? ధవళేశ్వరం లాకుల దగ్గర పెరిగినవాణ్ణి. తలుపులు మూయడం, నీళ్ళు నింపడం, పడవ మెల్లగా లేవడం, అవతలి తలుపు తెరవడం, అంతా అదే. తేడా ఒక్కటే, ఇక్కడ పడవవాడే దిగి చక్రం తిప్పుకుంటున్నాడు. గట్టు మీద కూర్చుని మూడు పడవలు దాటడం చూశాం. ఎదురుగా విటెన్‌హ్యామ్ క్లంప్స్, బీచ్ చెట్లు నెత్తిన టోపీల్లా ఉన్న జంట గుట్టలు. ఎక్కుదామా అన్నాను. మా ఆవిడ తన మోకాళ్ళ వైపు చూసింది. ఎక్కలేదు.

లాకు మీదుగా అవతలి ఒడ్డుకి దాటి, ఎగువకి గంటన్నర నడక. ఒడ్డంతా తెల్లపూల పొదలు, ఓ చోట హంస పిల్లల్ని వెంటేసుకుని మమ్మల్ని బుసకొట్టింది. ఆ తర్వాత ఎర్ర ఇటుకల వంతెన, క్లిఫ్టన్ హ్యాంప్‌డెన్. చర్చి బాగుచేసిన గిల్బర్ట్ స్కాటే 1867లో కట్టాడు. అంతకుముందు ఇక్కడ రేవు, జనం బల్లకట్టు మీద దాటేవారు. సారా రాతి మీద రాసిన క్లిఫ్టన్ ఇదే. ఆమె ఉన్నప్పుడు వంతెన లేదన్నమాట.

ఊరు గుప్పెడు ఇళ్ళు. నది ఒడ్డున రాతి గుట్ట, గుట్ట మీద చిన్న చర్చి, నిటారుగా మెట్లు. నేను ఎక్కి చూసొచ్చాను. సమాధుల మధ్య వాటర్లూ యుద్ధంలో మొదటి తూటా పేల్చాడని చెప్పే సార్జెంట్ విలియం డైక్స్ రాయి ఉంది. కిందికి చూస్తే నది వంపు, వంతెన, మెట్ల దగ్గర నీలం చీరలో మా ఆవిడ. దిగి వచ్చేసరికి బాటిల్లో నీళ్ళు అయిపోయాయి, అమ్మాయి మెసేజ్ పెట్టింది, ట్రాఫిక్‌లో ఉన్నానని.

ఇద్దరం కింది మెట్టు మీద కూర్చున్నాం. కాసేపయ్యాక మా ఆవిడ అడిగింది.

"ఏమండీ, నిన్న ఆ రాయి మీద మొగుడి పేరు రాశారా?"

"కెప్టెన్ ఫ్లెచర్ అని ఉంది కదా."

"ఇంటిపేరు కాదండీ. అసలు పేరు."

ఫోన్‌లో నిన్నటి ఫొటో పెద్దది చేసి చూశాను. లేదు.

"మంచి పని చేశారు" అంది.